రెండో వైపు మూడో పాట

లావణ్య అడగకపోతే ఇది రాసేవాణ్ని కాదు. బిలాస్‌పూర్ పక్కన ఉస్లాపూర్‌లో మా ఇంటి మేడ మీద వాటాలో అద్దెకుంటోంది ఆ అమ్మాయి. కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. గూడ్సు బళ్లను తనిఖీ చేసే ఉద్యోగంలో ఈమధ్యే చేరింది. నేను రిటైరయ్యేదాకా చేసిన ఉద్యోగమే అది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏవో అడుగుతుంది, నేను చెబుతుంటాను. ఒకరోజు, “అంకుల్, ఇవన్నీ రాసి పెట్టున్రి, నేను చదువుకుంట” అంది.

నాకు ముచ్చటేసింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మా ఇళ్ల పిల్లలకు తెలుగు చదవడం సరిగ్గా రాదు. మా మనవడు ఒక మాట తెలుగులో మొదలుపెట్టి మిగతాదంతా హిందీలో పూర్తిచేస్తాడు. లావణ్య అలా కాదు. ఊరి నుంచి వచ్చిన పచ్చడి సీసాకు చుట్టిన పాత పేపరును కూడా సాపుచేసుకుని చదువుతుంది. అందుకని ఆమె కోసం, ఆమెలాగా కొత్తగా చేరినవాళ్ల కోసం రాస్తున్నాను.

నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరితో గొడవపడ్డాను వంటివి రాయను. అవి నాకే విసుగు. ఒక పాత పాటల ప్లేటు గురించి, దానివల్ల నేను చేసిన తప్పు గురించి రాస్తాను. ఈ ముసలాయన దారి తప్పాడని మధ్యలో అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి.

అసలు పని

గూడ్సు బండి యార్డులోకి మెల్లగా వస్తున్నప్పుడు పట్టాలకు ఇటొకరు, అటొకరు గొంతుక్కూర్చుంటాం. ఇటువైపు ఎగ్జామినరు, అటువైపు ఫిట్టరు. బండి మొత్తం మా ఇద్దరి మధ్య నుంచి సాగిపోతుంది. ఆ కొద్ది నిమిషాలే అసలు ఉద్యోగం. తక్కినదంతా సంతకాలు.

ఆ కొద్ది నిమిషాల్లో కళ్లు, ముక్కు, చెవులు మూడూ పనిచేయాలి. వేలాడుతున్న కడ్డీ కంటికి కనిపిస్తుంది. కాలుతున్న బేరింగు ముక్కుకు తెలుస్తుంది. చక్రానికున్న ఫ్లాటు మాత్రం చెవికే దొరుకుతుంది. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా పట్టా మీద జారితే, జారినచోట అరిగి చదునైపోతుంది. దాన్నే మేం ఫ్లాటు అంటాం. ఆ చక్రం తిరిగిన ప్రతిసారీ పట్టాను ఒక దెబ్బ కొడుతుంది. కొడుతూ కొడుతూ పోతే ఎక్కడో పట్టా పగులుతుంది. వెనక వచ్చే బండిలో మనుషులుంటారు.

ఇప్పుడు చాలాచోట్ల పట్టాల పక్కన ఈ దెబ్బను పట్టే యంత్రాలు పెట్టారు. మంచి పనే. యంత్రానికి గర్వం ఉండదు. కానీ యంత్రం ఉంది కదా అని చెవులు ఇంట్లో పెట్టి వచ్చే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు అటువైపు కూర్చునే ఫిట్టరు అప్పన్న. పలాస దగ్గర పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి రైల్వేలో చేరాడు. మా నాన్నతో కలిసి పనిచేసిన మనిషి కాబట్టి ఆయన్ని బాబాయ్ అనేవాణ్ని. హోదాలో నేను పైవాణ్ని కాబట్టి ఆయన నన్ను బాబూ అనేవాడు. బండి ఆగాక ఫిట్టరు పట్టాలు దాటి ఎగ్జామినరు దగ్గరికి వచ్చి తను చూసిందీ విన్నదీ చెప్పాలి. అది మా పద్ధతి. ఎగ్జామినరు అటు వెళ్లే ఆచారం లేదు.

డెరిక్ సాబ్ ఇల్లు

నాకు పని నేర్పింది డెరిక్ సాబ్. ఆంగ్లో ఇండియన్. మా అందరికన్నా పెద్ద ఎగ్జామినరు. నేను బాగా కుదురుకునేలోపే రిటైరైపోయి, కాలనీ అవతల చిన్న ఇల్లు కట్టుకుని ఒక్కడే ఉండేవాడు. యార్డులో గ్యాంగుల దగ్గర నేర్చిన తెలుగు, హిందీ కలిపి మాట్లాడేవాడు. బూట్లకు పాలిష్ లేకుండా గుమ్మం దాటేవాడు కాదు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఇంటికి వెళ్లేవాణ్ని. గ్రామఫోను ఉండేది. దాని పక్కన, ఓడల్లో పనిచేసిన తమ్ముడు ఎప్పుడో తెచ్చిచ్చిన ప్లేటు. నారింజరంగు అట్ట. దాని మీద వెడల్పు ప్యాంట్లు వేసుకున్న నల్లవాళ్లు పదకొండు మంది ఒక మెట్ల వరుస మీద నిలబడి నవ్వుతుంటారు. అట్ట మూల ఎలుక కొరికింది. ఆ సంగీతాన్ని ఫంక్ అంటారని ఆయనే చెప్పాడు.

మొదటిసారి విన్నప్పుడు నాకు తల తిరిగింది. మా ఇంట్లో పాటంటే పల్లవి, రెండు చరణాలు, మధ్యలో వేణువు. ఇందులో అదేమీ లేదు. ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తోంది.

“ఇదేం పాట సాబ్? ఎక్కడికీ వెళ్లదేం?”

“వెళ్లడానికి అది మెయిల్ బండి కాదు మేన్” అన్నాడు డెరిక్ సాబ్. “ఇది ఉన్నచోటే తిరుగుద్ది. నువ్వు లోపలికి రావాలి. బైఠో.”

ఆయన నేర్పిన తీరు ఇది. ఒక ఆదివారం బేస్ గిటారు ఒక్కటే వినమనేవాడు. మిగతావి ఎంత అరిచినా పట్టించుకోకూడదు. మరుసటి ఆదివారం డ్రమ్ముల దగ్గరున్న రేకు తాళం. ఆ తరవాత చక్ చక్ మని కోసే గిటారు. తప్పిపోతే సూది ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టేవాడు. మా అమ్మ, “వారం వారం ఆ దొరింట్లో ఏటి సేస్తన్నావురా?” అని అడిగేది. లెక్కపెడుతున్నానని చెబితే నవ్వేది.

ఆ ప్లేటులో ఏముంది

రెండు నెలలు పట్టింది నాకు దాని రుచి తెలియడానికి. తెలిశాక వదల్లేదు.

ఆ పదకొండు మందిలో ఎవడూ ముందుకు తోసుకురాడు. ఒక్కొక్కడూ చేసేది చాలా తక్కువ. బేస్ వాయించేవాడు నాలుగు స్వరాలు వాయించి ఊరుకుంటాడు. బూరలు ఊదేవాళ్లు అంతసేపూ చేతులు కట్టుకుని ఉండి, తమ వంతు రాగానే ఒక్క మాట అనేసి మళ్లీ తప్పుకుంటారు. వరసలో మొదటి దెబ్బ మీద మాత్రం అందరూ కలుస్తారు. డెరిక్ సాబ్ దాన్ని ‘ఒకటి’ అనేవాడు. ఆ ఒకటి దగ్గర అందరూ ఒకేసారి కాలు మోపుతారు, ఆపైన ఎవరి దారి వారిది. మళ్లీ ఒకటి దగ్గరికి వచ్చేస్తారు. అంతే. వింటుంటే మనకు తెలియకుండానే మెడ ఆడుతుంది. మనసు తేలికపడుతుంది. ఇంట్లో ఏ చికాకు పెట్టుకుని వచ్చినా మొదటి పాట పూర్తయ్యేసరికి నేను మామూలు మనిషిని అయ్యేవాణ్ని.

ఇంకో సంగతి. ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తున్నప్పుడు చిన్న తేడా కూడా పెద్దగా వినపడుతుంది. బండి కూడా అంతే కదా. ఒకే రకం డబ్బాలు వరసగా పోతుంటే ఒకే చప్పుడు తిరిగి వస్తుంది. ప్లేటుకు అలవాటుపడ్డ చెవికి అందులో తేడా వెంటనే దొరికేది. ఒకసారి సీపత్ వెళ్లే బొగ్గు బండిలో, ఇనుప ముక్క ఒకటి మరోదాన్ని సన్నగా తాకుతోందని కూర్చున్నచోటే పట్టేశాను. వెళ్లి చూస్తే బ్రేకు కడ్డీ పిన్ను ఊడి వేలాడుతోంది. సూరిబాబు చెవి అని నా చెవికి యార్డులో పేరైపోయింది. ఆ పేరు నా తలకు బాగా ఎక్కింది.

ప్లేటు మొత్తంలో నాకు ప్రాణం రెండో వైపు మూడో పాట. నెమ్మదిగా నడిచే పాట. అందులో ఆ ఒకటి మీద సన్నగా, పొడిగా, గోటితో చెక్కను తట్టినట్టు ఒక దెబ్బ వినపడేది. టక్. ఎవడో చిన్న కర్రముక్కతో కొడుతున్నాడనుకునేవాణ్ని. ఆ దెబ్బ మీద నా కాలు దానంతటదే పడేది. డెరిక్ సాబ్ కాలు కూడా.

నా తప్పు

అది ఏ యార్డో చెప్పను. అక్కడ పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు. చలికాలం పొద్దున్న. ఎండ అప్పుడే పట్టాల మీద పడుతోంది. ఖాళీ గూడ్సు ఒకటి లోపలికి వస్తోంది. ఇటు నేను, అటు అప్పన్న బాబాయ్.

సగం బండి దాటాక వేగం బాగా తగ్గింది. అప్పుడు వినపడింది. టక్. కొంచెం ఆగి మళ్లీ టక్. నా కాలు దానంతటదే నేలను తట్టింది. మనసులో బేస్ గిటారు మొదలైంది. పొద్దుటి ఎండ, ఆ నడక, ఆ దెబ్బ. హాయిగా ఉందనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను.

బండి ఆగింది. అప్పన్న బాబాయ్ పట్టాలు దాటి వచ్చాడు.

“బాబూ, మద్దిలో ఏదో సెక్రం కొడతన్నాది. ఇన్నావా?”

“లేదే. నేను మొత్తం విన్నాను బాబాయ్. ఏ దెబ్బా లేదు.”

“ఉన్నాది బాబూ. ముప్పయ్యో డబ్బా కాడ. ఒక్కసారి ఎల్లి సూద్దుమా?”

పొరపాటు అక్కడే జరిగింది. ముప్పయ్యో డబ్బా దాకా నడిస్తే అయిదు నిమిషాలు. కానీ మా ఇన్‌చార్జి గడియారం చూసే రకం. ఆయన్ని అంటున్నాను గానీ అసలు కారణం అది కాదు. నాకు వినపడనిది అప్పన్నకు వినపడడమేమిటి అనుకున్నాను. “పట్టా జాయింటు చప్పుడు అది, పద” అన్నాను. ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ బండి రెండు స్టేషన్లు దాటింది. అక్కడ పట్టాలు చూసుకుంటూ నడిచే కీమ్యాన్‌కు అప్పుడే పగిలిన పట్టా కనిపించింది. అతను ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరిగెత్తి ప్యాసింజరు బండిని ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. గూడ్సును నిలిపి చూస్తే ముప్పయ్యొకటో డబ్బా చక్రానికి అరచేతంత ఫ్లాటు.

ఇన్‌చార్జి మా ఇద్దర్నీ పిలిచాడు. అప్పన్న బాబాయ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. నన్నడిగితే, “ఏదో అన్నాడు సార్. నాకు మాత్రం దెబ్బ వినపడలేదు” అన్నాను. అబద్ధం ఆడుతున్నానని నేననుకోలేదు. దెబ్బ వినలేదనే నమ్మాను. పాట విన్నానని ఎవరికి చెప్పుకుంటాం?

ఇన్‌చార్జి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. “నీ చెవులకే వినపడకపోతే ఆయనకెలా వినపడుతుంది? ఇప్పుడు కల్పించి చెబుతున్నాడు. వయసైంది, చెవులు మందగించాయని నువ్వు సోమవారం విచారణలో అంటే చాలు. ఆయన్ని లైను మీద నుంచి తీసి స్టోర్స్‌లో కూర్చోబెడతారు. జీతం ఎక్కడికీ పోదు. అందరికీ సులువు.”

అందరికీ సులువే. అప్పన్న బాబాయ్‌కి ఇంకా ఏడాది సర్వీసుంది. జీవితమంతా పట్టాల పక్కన కూర్చున్న మనిషి అబద్ధాలకోరు, చెవిటివాడు అన్న పేరుతో దిగిపోతాడు. ఆ సాయంత్రం సైకిలు స్టాండు దగ్గర నన్ను ఆపి ఒక్క మాటే అన్నాడు.

“నాను స్టోరుకి ఎల్తే ఎల్తాను బాబూ. గాని ఇన్నానా నేదా? అది నువ్వు సెప్పాల.”

నేను సైకిలెక్కి ఇంటికి వచ్చేశాను.

బాబాయ్ చెవి

ఆదివారం డెరిక్ సాబ్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను. ఆయన నా మొహం కూడా చూడలేదు. “ఆ ఫిట్టరు చెవులు పోయాయని నువ్వు ఎప్పుడు చూసావ్? అతన్ని తీసుకురా. నేను చూస్తా” అన్నాడు.

సైకిలు మీద వెళ్లి అప్పన్న బాబాయ్‌ని తీసుకొచ్చాను. డెరిక్ సాబ్ కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. డెరిక్ సాబ్ ఏం పరీక్ష పెడతాడో అని నేను చూస్తుంటే, తీరిగ్గా లేచి నారింజరంగు అట్టలోంచి ప్లేటు తీసి రెండో వైపు పెట్టాడు.

“ఏటి బాబూ ఇది, ఏ బాస పాటలు?” అని నన్నడిగాడు బాబాయ్ మెల్లగా.

“వినవయ్యా. ఏమేం వినపడిందో చెప్పు” అన్నాడు సాబ్.

మొదటి పాట అయింది. బాబాయ్ కళ్లు మూసుకున్నాడు. రెండో పాటలో మెడ కొంచెం కదిలింది. “ఇందులో ఒకడు సానా మంచోడు బాబూ. ఎక్కువ కొట్టడు. అవసరమైన కాడ కొట్టి ఊరుకుంటన్నాడు” అన్నాడు. నాకు రెండు నెలలు పట్టిన సంగతి ఆయనకు రెండో పాటకే తెలిసిపోయింది. డెరిక్ సాబ్ నవ్వాడు.

మూడో పాట మొదలైంది. నా పాట. టక్. నా కాలు నేలను తట్టింది. సాబ్ కాలు కూడా. అప్పన్న బాబాయ్ మాత్రం కళ్లు తెరిచి గ్రామఫోను వైపు ముందుకు వంగాడు. మా ఇద్దరి కాళ్ల వైపు చూశాడు. మళ్లీ దానివైపు చూశాడు.

“సాబ్, దీనికి ఫ్లాటున్నాది.”

“దేనికి?”

“ఈ ప్లేటుకి. తిరిగినప్పుడల్లా ఒకే కాడ కొడతన్నాది. అది ఆళ్లు వాయించింది కాదు.”

డెరిక్ సాబ్ సూది ఎత్తాడు. ప్లేటు తీసుకుని కిటికీ దగ్గర వెలుతురుకు వంచి చూశాడు. నేనూ వెళ్లి చూశాను. మూడో పాట మీద, అంచు వైపు నుంచి లోపలికి, బొటనవేలి గోరంత గీత. సూది ప్రతి చుట్టుకూ ఆ గీత మీద ఎక్కి దిగుతోంది. ఆ పాట నడక, ప్లేటు తిరిగే వేగం ఎలాగో కలిసిపోయి ఆ దెబ్బ సరిగ్గా ఒకటి మీద పడుతోంది. ఎన్నో ఏళ్లుగా ఆయన, నాలుగేళ్లుగా నేను, దాన్ని పాటే అనుకుని కాళ్లు ఆడించాం.

డెరిక్ సాబ్ ప్లేటును అట్టలో పెట్టేశాడు. “ఫూల్స్. మనిద్దరం” అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఆ పొద్దున్న ఆ చక్రం కొట్టిన దెబ్బ నేను వినకపోవడం కాదు. విన్నాను. విని ఆనందించాను. అదీ నిజం. ఆ మాట ఆ గదిలోనే, అప్పన్న బాబాయ్ ముందు చెప్పేశాను. “విన్నాను బాబాయ్. నాకూ వినపడింది. పాటలా ఉందని ఊరుకున్నాను.”

ఆయన కోప్పడలేదు. తలపాగా చుట్టుకుంటూ, “ఇన్నావు కదా. సాలు. రేపు ఆ మాటే సెప్పు” అన్నాడు.

గుమ్మం దాకా వచ్చిన డెరిక్ సాబ్ నా భుజం పట్టుకుని ఆపాడు. “ఆ పదకొండు మందినీ నేను నీకు ఒక్కొక్కణ్నీ వేరే వేరే వినిపించా. వాళ్లు ఒకళ్లనొకళ్లు వింటారనేది చెప్పలేదు. నా తప్పు కూడా ఉంది మేన్.”

సోమవారం విచారణలో ఉన్నదంతా చెప్పాను. అప్పన్నకు వినపడింది, నాతో చెప్పాడు, వెళ్లి చూద్దామన్నాడు, నేను కాదన్నాను. ప్లేటు సంగతి మొదలుపెడితే పెద్దాఫీసరు నన్ను ఎగాదిగా చూసి అది అవసరం లేదన్నాడు. నాకు పడాల్సిన శిక్ష పడింది. ఇన్‌చార్జి కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు, దానివల్ల నాకు జరిగిన నష్టమేమీ లేదు. అప్పన్న బాబాయ్ లైను మీదే ఉన్నాడు.

తరవాత

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. బండి ఆగగానే నేనే పట్టాలు దాటి అటు వెళ్లేవాణ్ని. నా అభిప్రాయం చెప్పకుండా ముందు ఆయన్ని అడిగేవాణ్ని, “ఏం విన్నావు బాబాయ్?” అని. నా మాట ముందు బయటపడితే అవతలి మనిషి తన చెవిని అనుమానించుకుంటాడు. పైహోదాలో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. తోటి ఎగ్జామినర్లు, ఫిట్టరు దగ్గరికి వీడు నడిచి వెళ్లడమేమిటని నవ్వారు. నవ్వనిచ్చాను.

ఏడాదంతా ఆయన పొడిపొడిగా జవాబు చెప్పేవాడు. బాగున్నాది బాబూ అనో, ఫలానా డబ్బా సూడాల అనో. అంతకుమించి మాట కలిపేవాడు కాదు. ఆయన్ని తప్పుపట్టను.

ఆయన సర్వీసులో ఆఖరి రోజు మా మధ్య నుంచి బిల్హా వైపు వెళ్లే గూడ్సు ఒకటి సాగింది. ఆగాక ఎప్పటిలాగే దాటి వెళ్లాను. ఏం విన్నావు బాబాయ్ అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని నా వైపు చూశాడు.

“ఇయ్యాల ముందు నువ్వు సెప్పు బాబూ.”

చెప్పాను. ఆయన విని, అవునని తలూపాడు. నా ఉద్యోగంలో నాకు అందిన మెప్పు అదొక్కటే అనుకుంటాను. ఇప్పుడు ఆయనా లేడు, డెరిక్ సాబ్ కూడా లేడు. ప్లేటు నా దగ్గరుంది.

మొన్న ఈ కథ చెబితే లావణ్య ఫోన్‌లో వెతికి ఆ పాటల్ని పట్టేసింది. అట్ట బొమ్మ చూసి గుర్తుపట్టాను. మెట్ల మీదే కూర్చుని రెండో వైపు మూడో పాట పెట్టించుకున్నాను. గీత లేదు. బేస్, తాళం, బూరలు అన్నీ కడిగినట్టున్నాయి. ఇన్నేళ్ల తరవాత కూడా అంత బాగుంది. బూరలు తమ ఒక్క మాట అనేసి తప్పుకున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

“అంకుల్, మీరు కాలు ఎందుకు కొడుతున్రు? అక్కడ దెబ్బ లేదు గద” అంది లావణ్య.

చూసుకున్నాను. నిజమే. లేని దెబ్బకు నా కాలు ఇంకా పడుతోంది. నాకు తెలియనే లేదు, పక్కన కూర్చున్న ఆ అమ్మాయికి తెలిసింది.

“రేపు డ్యూటీలో నీకు అటువైపు కూర్చునే ఫిట్టరు పేరేంటమ్మా?” అనడిగాను.

తెలియదంది.

ముందు అది కనుక్కోమన్నాను.